గవాక్షి కింద డాంగిల్: ల్యాప్‌టాప్‌కు ప్రీపెయిడ్ నెట్ పెట్టుకోవడం ఎట్లా

మా నడింట్లో గవాక్షి (వెలుతురు కోసం పైకప్పులో వదిలిన కన్నం) నుంచి నల్ల వైరొకటి నా టేబుల్ మీదికి వేలాడుతుంటుంది. కొత్తగా వచ్చినవాళ్లు దాన్ని చూసి కేబుల్ టీవీ వైరు అనుకుంటారు. దాని పై కొసకు నా డాంగిల్ (సిమ్ వేస్తే ల్యాప్‌టాప్‌కు నెట్ ఇచ్చే చిన్న పరికరం), కింది కొసకు ల్యాప్‌టాప్. ఎర్రగుంట్ల చుట్టుపక్కల నాలుగు నాపరాయి పాలిష్ యూనిట్లకు నేను ఇంటి నుంచే లెక్కలు రాస్తాను. బిల్లులు, ఈ-వే బిల్లులు, నెలనెలా జీఎస్టీ రిటర్నులు, అన్నీ ఆ వైరు మీదే నడుస్తాయి. మా వీధికి ఫైబర్ లైను రాలేదు. వస్తుందని రెండేళ్లుగా వింటున్నా.

మొన్న మా ఆడబిడ్డ కొడుకు ఫోన్ చేసి, "అత్తా, నేను కూడా డాంగిల్ కొంటాండా, ఎట్ల పెట్టుకోవాలో చెప్పు" అన్నాడు. ముప్పావు గంట చెప్పాను. మరుసటి రోజు మళ్లీ చేశాడు. మూడోసారి చెప్పే ఓపిక లేక ఇట్లా రాసి పెడుతున్నా. వాడితో పాటు ఇంకెవరికైనా పనికొస్తే మంచిదే.

అసలు డాంగిల్ ఎందుకు, ఫోన్‌లో హాట్‌స్పాట్ ఉంది కదా అని అడిగేవాళ్లుంటారు. వారానికి రెండు మూడు గంటల పనైతే నిజంగానే ఫోన్ చాలు, డబ్బులు దండగ చేసుకోవద్దు. నా సంగతి వేరు. మాది బండలు పరిచి పైన మట్టి వేసిన మిద్దె. గోడలు రెండడుగుల మందం, అవీ రాళ్లే. ఇంట్లో కూర్చుంటే ఫోన్‌లో మాట సరిగా వినపడదు. మాట్లాడాలంటే పంచలోకి పోవాలి. ఫోన్ పట్టుకొని నేను పంచలోకి పోతే హాట్‌స్పాట్ కూడా నా వెనకే వచ్చేస్తుంది, ఇంట్లో ల్యాప్‌టాప్ మీద పని ఆగిపోతుంది. యూనిట్ దగ్గర లారీకి లోడ్ ఎక్కించి ఉంటారు. సరుకు విలువ 50,000 రూపాయలు దాటిందంటే ఈ-వే బిల్లు లేకుండా లారీ కదలకూడదు. ఓనరన్న ఫోన్ చేసి "ఏమ్మా, బిల్లు ఎంతసేపు? డ్రైవరు బండి స్టార్ట్ చేసుకోని కూచున్నాడు" అంటాడు. ఆయనకు జవాబు చెప్పడానికి పంచలోకి పోతే ఆ బిల్లే మధ్యలో ఆగిపోతుంది. నాలుగైదుసార్లు ఇట్లా అయినాక డాంగిల్ కొన్నా. ఇంకో లాభం, కరెంటు పోయినా ల్యాప్‌టాప్ బ్యాటరీ ఉన్నంతసేపు డాంగిల్ పనిచేస్తుంది. మా దగ్గర ఎండాకాలంలో అది చిన్న లాభం కాదు.

కొనేముందు

డాంగిల్స్‌లో మూడు రకాలున్నాయి. మొదటిది పెన్‌డ్రైవ్ లాంటిది, ల్యాప్‌టాప్‌కు గుచ్చితే ఆ ఒక్కదానికే నెట్ ఇస్తుంది. రెండోది చూడ్డానికి అట్లాంటిదే, కానీ వైఫై కూడా వదులుతుంది. దాన్ని ఫోన్ చార్జర్‌కు పెట్టినా పనిచేస్తుంది. మూడోది అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దగా, లోపల బ్యాటరీతో ఉంటుంది. జేబులో వేసుకొని ఎక్కడికైనా పోవచ్చు. ఒకరే వాడేటట్టైతే మొదటిది, ఇంట్లో పిల్లలు కూడా చదువుకోవాలంటే రెండోది. మూడోదాని బ్యాటరీ కొన్నాళ్లకు ఉబ్బొచ్చు. ఎప్పుడూ చార్జింగ్‌లోనే పెట్టి వాడేవాళ్లకు ఇంకా తొందరగా ఉబ్బుతుంది. అందుకే ఇంట్లో వాడకానికి నేను దాన్ని చెప్పను.

ఏ రకమైనా సరే, 4జీ అని ఉండాలి. పాత 3జీ డాంగిల్స్ రెండు మూడు వందలకే దొరుకుతాయి, ఆశపడొద్దు. జియో 2016లో మొదలైనప్పుడే 4జీతో మొదలైంది, దానికి 3జీ అనేదే లేదు. ఎయిర్‌టెల్ తన 3జీని 2020కల్లా మూసేసింది. ఆ సిమ్‌లు పాత డాంగిల్‌లో వేస్తే నెట్ రాదు, వచ్చినా 2జీలో నత్తలాగా పాకుతుంది.

తర్వాత తాళం సంగతి. కంపెనీ పేరు ముద్రించి అమ్మే డాంగిల్స్ చాలావరకు ఆ కంపెనీ సిమ్‌కే పనిచేస్తాయి. మా కడప జిల్లాలో ఇంటికొకరు కాకపోయినా వీధికొకరు కువైట్‌లో ఉంటారు. మా చిన్నాన్న వచ్చేటప్పుడు అక్కడ వాడిన డాంగిల్‌ని "ఊరికే పడింది, నీకు పనికొస్తాదిలే" అని తెచ్చిచ్చాడు. చూడ్డానికి బంగారంలాగుంది. మన సిమ్ వేస్తే అన్‌లాక్ కోడ్ అడిగింది. పట్నంలో ఒక షాపాయన నాలుగు వందలు తీసుకొని తాళం తీశాడు. తీసినా సిగ్నల్ ఒక గీత దాటలేదు. తర్వాత తెలిసిందేంటంటే, ఒక్కో దేశంలో 4జీకి ఒక్కో రకం బ్యాండ్లు, అంటే సిగ్నల్ పోయే ఫ్రీక్వెన్సీ వరుసలు, వాడతారు. మన దగ్గర జియోకు 3, 5, 40 బ్యాండ్లు, ఎయిర్‌టెల్‌కు ఎక్కువగా 1, 3, 8, 40. ఆ డాంగిల్‌లో 5 లేదు, 40 లేదు. డబ్బా మీద చిన్న అక్షరాల్లో బ్యాండ్ల నంబర్లు రాసి ఉంటాయి. వాటిలో 3, 5, 8, 40 నాలుగూ ఉన్నాయో లేదో చూసుకొని కొనండి. 5, 8 అనేవి తక్కువ ఫ్రీక్వెన్సీవి, దూరం పోతాయి, గోడల్లోంచి కూడా కాస్త దూరుతాయి. పల్లెల్లో మనల్ని కాపాడేది అవే. చిన్నాన్న డాంగిల్ ఇప్పుడు మా పిల్లోడి బొమ్మల డబ్బాలో ఉంది.

సిమ్, రీచార్జ్

ఏ కంపెనీ సిమ్ తీసుకోవాలని నన్ను అడగొద్దు, మీ ఇంటిని అడగండి. ఇంట్లోవాళ్ల, పక్కింటివాళ్ల ఫోన్లు తలా ఒక కంపెనీవి తీసుకొని, మీరు పనిచేసే గదిలో రాత్రి ఎనిమిదింటప్పుడు స్పీడ్ చూడండి. పొద్దున ఆరింటికి చూస్తే అన్నీ బాగానే ఉంటాయి. ఊరంతా ఫోన్ పట్టుకొని కూర్చున్న టైమ్‌లో ఏది నిలబడితే అది తీసుకోండి.

కొత్త సిమ్‌కు ఆధార్, వేలిముద్ర మామూలే. ఒకరి పేరు మీద తొమ్మిది సిమ్‌ల దాకా ఉండొచ్చు. సిమ్ రాగానే నేరుగా డాంగిల్‌లో వేయొద్దు. ముందు ఫోన్‌లో వేయండి. యాక్టివేట్ కావాలి, ఒక కాల్ పోవాలి, ఒక మెసేజ్ రావాలి, ఫోన్‌లో నెట్ కూడా ఒక్కసారి తెరుచుకోవాలి. అప్పుడు తీసి డాంగిల్‌లో వేస్తే, ఏదైనా తేడా వచ్చినప్పుడు తప్పు సిమ్‌ది కాదు, డాంగిల్‌ది అని తెలుస్తుంది. ఫోన్‌లో ఉన్నప్పుడే సిమ్ పిన్ లాక్ ఉంటే తీసేయండి. మూడుసార్లు పిన్ తప్పు కొడితే పీయూకే అనే ఇంకో కోడ్ అడుగుతుంది, అదీ పదిసార్లు తప్పితే ఆ సిమ్ ఇక పనికిరాదు.

ఇప్పటి సిమ్‌లు నానో సైజు. చాలా డాంగిల్స్‌లో అరలు ఇంకా పాత పెద్ద సైజువే. మధ్యలో ప్లాస్టిక్ ఫ్రేము పెట్టాలి, అడాప్టర్ అంటారు. అది లేకుండా వట్టి నానో సిమ్‌ను దూరిస్తే లోపల ఇరుక్కుంటుంది. చిమటాతో లాగబోతే లోపలి పిన్నులు వంగుతాయి. అడాప్టర్ పెట్టినా సిమ్ దాంట్లోంచి జారకుండా వెనక సన్నని టేపు ముక్క అంటించండి. కోసిన మూల ఎటు ఉండాలో అర పక్కన బొమ్మ గీసి ఉంటుంది.

రీచార్జ్ దగ్గర చాలామంది తప్పు చేస్తారు. "డేటా ప్యాక్" అని చవగ్గా కనిపించేవన్నీ ఒంటరిగా పనిచేయవు. వాటిలో చాలావాటికి అడుగున ఒక బేస్ ప్లాన్ నడుస్తుండాలి. బేస్ ప్లాన్ అయిపోతే పైన వేసిన డేటా ఉన్నా లేనట్టే. రీచార్జ్ చేసేముందు వాలిడిటీ గడిలో రోజులు రాసి ఉందా, "యాక్టివ్ ప్లాన్ ఉన్నంతవరకు" అని ఉందా చూడండి. రోజులు లేకపోతే అది తోడుప్యాక్. ఇంకొకటి, 28 రోజుల ప్లాన్‌ను నెల ప్లాన్ అనుకుంటాం కానీ ఏడాదికి పన్నెండు కాదు, పదమూడుసార్లు కట్టాల్సి వస్తుంది. 84 రోజులదో, అంతకంటే పెద్దదో మేలు.

ఎంత డేటా కావాలి? నా జీఎస్టీ పని, మెయిళ్లు, టాలీ లెక్కల ఫైళ్లు పంపడం, అన్నీ కలిపినా రోజుకు రెండు మూడు వందల ఎంబీ దాటదు. వీడియో మీటింగ్ అయితే గంటకు దాదాపు ఒక జీబీ దాకా తాగుతుంది. రోజుకు 2 జీబీ ప్లాన్ ఆఫీసు పనికి ధారాళం, సినిమాలకు చాలదు. కోటా అయిపోతే నెట్ ఆగిపోదు, 64 కేబీపీఎస్‌కు పడిపోతుంది. ఆ స్పీడ్‌లో వాట్సాప్ మెసేజ్ పోతుంది, బిల్లు పోదు. అర్ధరాత్రి 12 దాటితే మళ్లీ నిండుతుంది.

గుచ్చి, మొదలుపెట్టడం

ఇది నిజానికి అన్నిటికంటే తేలిక పని. డాంగిల్‌ను ల్యాప్‌టాప్‌కు నేరుగా గుచ్చండి, మొదటిసారి హబ్బులూ అవీ వద్దు. ఒకట్రెండు నిమిషాలు ఆగండి. ఇప్పటి డాంగిల్స్‌లో ఎక్కువ వాటికి సాఫ్ట్‌వేర్ అక్కర్లేదు. ల్యాప్‌టాప్ దాన్ని లాన్ కేబుల్ పెట్టినట్టు అనుకుంటుంది, కింద ఈథర్నెట్ గుర్తు వస్తుంది. కొన్ని పాత రకాల్లో ల్యాప్‌టాప్‌లో సీడీ డ్రైవ్ లాంటిదొకటి కనిపిస్తుంది. దాన్ని తెరిచి లోపలి ప్రోగ్రాం ఇన్‌స్టాల్ చేస్తేగానీ డాంగిల్ తన అసలు రూపంలోకి రాదు.

నెట్ దానంతట అదే వచ్చేస్తే సంతోషం. రాకపోతే బ్రౌజర్‌లో డాంగిల్ సొంత పేజీ తెరవాలి. దాని అడ్రస్ అంకెల్లో ఉంటుంది. హువావే వాటికి 192.168.8.1, మరికొన్నిటికి 192.168.0.1 లేదా 192.168.1.1. డాంగిల్ మూత తీస్తే లోపల స్టిక్కర్ మీద రాసి ఉంటుంది, పాస్‌వర్డ్ కూడా అక్కడే. స్టిక్కర్‌ను ఫోన్‌తో ఒక ఫోటో తీసి పెట్టుకోండి, వేడికి ఆ అక్షరాలు చెరిగిపోతాయి.

ఆ పేజీలో చూడాల్సింది ఏపీఎన్, అంటే డాంగిల్‌కు కంపెనీ నెట్ దారి చూపే పేరు. అది తప్పుంటే సిగ్నల్ నిండుగా ఉన్నా నెట్ రాదు. ప్రొఫైల్ మేనేజ్‌మెంట్ అనే చోట కొత్త ప్రొఫైల్ చేసి రాయాలి. జియోకు జియోనెట్, బీఎస్ఎన్ఎల్‌కు బీఎస్ఎన్ఎల్‌నెట్, ఎయిర్‌టెల్‌కు ఎయిర్‌టెల్‌జీపీఆర్ఎస్ డాట్ కామ్. అన్నీ ఇంగ్లీషు చిన్న అక్షరాల్లో, మధ్యలో ఖాళీ లేకుండా. యూజర్ నేమ్, పాస్‌వర్డ్ గడులు ఖాళీగా వదిలేయండి. సేవ్ చేసి, దాన్నే డిఫాల్ట్‌గా పెట్టి, డాంగిల్ పీకి మళ్లీ గుచ్చండి. వైఫై వదిలే రకమైతే అదే పేజీలో వైఫై పేరు, పాస్‌వర్డ్ మార్చేయండి. మారిస్తే పక్కింటి పిల్లలకు కోపం వస్తుంది, మార్చకపోతే మీ 2 జీబీ పొద్దున పదికల్లా అయిపోతుంది.

డాంగిల్‌కు వచ్చే మెసేజ్‌లు కూడా ఆ పేజీలోనే ఎస్ఎంఎస్ అనే చోట పడతాయి. రీచార్జ్ మెసేజ్‌లు, కోటా సగమైందన్న హెచ్చరికలు అక్కడే చూడాలి. అందుకే ఈ నంబరును బ్యాంకుకు, జీఎస్టీకి, ఆధార్‌కు ఎప్పుడూ ఇవ్వకండి. ఓటీపీ వచ్చినప్పుడు ఆ పేజీ తెరుచుకోకపోతే అంతే సంగతులు. అవన్నీ చేతిలో ఉండే ఫోన్ నంబరుకే ఉండాలి.

చోటు చూడటం

మా ఆడబిడ్డ కొడుకు ఇక్కడే తొందరపడ్డాడు. అన్నీ సరిగ్గా చేశాడు, ల్యాప్‌టాప్ మాత్రం అల్మరా పక్కన గోడకు ఆనించి పెట్టుకొని "నెట్ చచ్చిపోతాంది అత్తా" అన్నాడు. డాంగిల్‌కు చోటు చూడటం సగం పని. రాతి గోడల ఇళ్లలోనైతే ముప్పావు వంతు.

నా డాంగిల్ పేజీలో డివైస్ ఇన్ఫర్మేషన్ నొక్కితే ఆర్ఎస్ఆర్‌పీ అని మైనస్ గుర్తుతో ఒక అంకె కనిపిస్తుంది. అన్ని మోడళ్లలో ఉండదు, ఉంటే అదృష్టం. ఆ అంకె సున్నాకు ఎంత దగ్గరైతే సిగ్నల్ అంత గట్టిది. -80 అంటే భేష్, -100 అంటే పర్వాలేదు, -110 దాటి కిందికి పోతే తిప్పలే. పది అంకెలు మెరుగైతే సిగ్నల్ బలం పది రెట్లు పెరిగినట్టు. నా టేబుల్ మీద -112 ఉండేది. నాలుగు మీటర్ల యూఎస్‌బీ ఎక్స్‌టెన్షన్ వైరు కొని, డాంగిల్‌ను దాని కొసకు పెట్టి ఇల్లంతా తిరిగా. తలుపు దగ్గర -104. పంచలో -95, కానీ అక్కడ మేకపిల్ల ఉంటుంది, అది నమలని వస్తువు లేదు. చివరికి స్టూలెక్కి గవాక్షి కిందికి పైకెత్తి పట్టుకుంటే -91 చూపించింది. అంటే టేబుల్ దగ్గరికంటే నూరు రెట్లకు పైనే. రాయీ మట్టీ లేని కన్నం పైకప్పు మొత్తానికి అదొక్కటే మరి. వెలుతురు కోసం పెట్టుకున్న గవాక్షి నెట్‌కూ పనికొచ్చింది. మా మామ కింద నిలబడి చూస్తూ, "మా నాయన పెట్టించినప్పుడు దీనికీ పని ఉంటాదని అనుకోలేదు" అన్నాడు.

వైరు కొనేటప్పుడు ఐదు మీటర్లు దాటొద్దు. మామూలు యూఎస్‌బీ వైరు అంతకంటే పొడవైతే డాంగిల్‌కు కరెంటు చాలదు. అసలు డాంగిల్‌కే కరెంటు ఆకలి కొంచెం ఎక్కువ. సిగ్నల్ తక్కువ ఉన్నచోట ఇంకా ఎక్కువ లాగుతుంది. నెట్ ఉన్నట్టుండి తెగుతూ, డాంగిల్ లైటు ఆరి మళ్లీ వెలుగుతుంటే తప్పు చాలావరకు వైరుది. సన్నవైరు కాకుండా మందంగా ఉండేది అడిగి తీసుకోండి. నేను మొదట కొన్నది సన్నది, వారానికే పారేశా.

ఎండ తగలకూడదు. మే నెలలో మా దగ్గర 42, 43 డిగ్రీలు మామూలు, డాంగిల్ తన పనికి తానే వేడెక్కుతుంది, పైన ఎండ కూడా పడితే దానంతట అదే ఆగిపోతుంది. గవాక్షికి సరిగ్గా కింద కాకుండా జానెడు పక్కకు, దూలానికి మేకు కొట్టి వేలాడదీశా. వెలుతురు పడుతుంది, ఎండ పడదు.

డేటా కారిపోకుండా

కొన్న మొదటి వారంలో ఒకరోజు పొద్దున ఏడింటికి కూర్చుంటే నెట్ పాకుతోంది. డాంగిల్‌ను తిట్టా, సిమ్‌ను తిట్టా. పేజీలో చూస్తే 2 జీబీ కోటా అప్పటికే ఖాళీ. రాత్రి ల్యాప్‌టాప్ ఆపకుండా పడుకున్నా. అది తెల్లవార్లూ అప్‌డేట్లు దించుకుంది. తప్పు నాదే, ఒక్క మీట నొక్కి ఉంటే ఆగేది. ఆరోజు బెంగళూరు లోడ్‌కు ఫోన్‌తోనే బిల్లు చేశా, పంచలో నిలబడి.

ఆ మీట ఎక్కడుందంటే, విండోస్ సెట్టింగ్స్‌లో నెట్‌వర్క్ అండ్ ఇంటర్నెట్‌కు పోయి, డాంగిల్ ఏ పేరుతో కనిపిస్తుందో దాని మీద నొక్కాలి. చాలావరకు ఈథర్నెట్, కొన్ని రకాలకు సెల్యులర్, వైఫై ద్వారా కలిపితే వైఫై. లోపల మీటర్డ్ కనెక్షన్ అని ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. అప్పటినుంచి పెద్ద అప్‌డేట్లు మీరు చెప్పేదాకా ఆగుతాయి. వన్‌డ్రైవ్ లాంటివి కూడా చూసుకోండి, అవి ఫోటోలన్నీ మెల్లగా పైకి ఎక్కిస్తుంటాయి. అప్‌డేట్లు అసలే వద్దని కాదు. నేను నెలకోసారి ప్రొద్దుటూరులో మా అక్క ఇంటికి పోయినప్పుడు ల్యాప్‌టాప్ తీసుకుపోతా, వాళ్ల ఫైబర్ మీద అన్నీ ఒకేసారి చేసుకొని వస్తా. అక్క నేను వచ్చింది తనకోసం కాదంటుంది.

నెట్ నెమ్మదించిన ప్రతిసారీ డాంగిల్‌దే తప్పనుకోవద్దు. 11వ తేదీ, 20వ తేదీ లాంటి జీఎస్టీ గడువు రోజుల్లో సాయంత్రం జీఎస్టీ సైటు తిరుగుతూనే ఉంటుంది. ముందు ఇంకో సైటు తెరిచి చూడండి. అది ఠక్కున తెరుచుకుంటే మీ నెట్ బాగున్నట్టే. అదీ తెరుచుకోకపోతే కోటా చూడండి, తర్వాత సిగ్నల్ అంకె, తర్వాత వైరు. సిమ్ తీసి ఫోన్‌లో వేసి చూడటం చివర.

కొన్నాళ్లు డాంగిల్ వాడకుండా పక్కన పెట్టేవాళ్లకు ఒక మాట. 90 రోజులు ఏ వాడకం లేకపోతే నంబరును కంపెనీ మూసేయొచ్చు. ఖాతాలో కనీసం 20 రూపాయల బ్యాలెన్స్ ఉంటే ఊరికే మూయకూడదని టెలికాం నియంత్రణ సంస్థ ట్రాయ్ నిబంధన ఉంది. కాబట్టి ఆ ఇరవై ఉంచి పక్కన పెట్టండి.

ఇక వాన. గవాక్షికి మా ఇంట్లో రేకు మూత ఉంది. మబ్బు పట్టగానే మా అత్త మిద్దెక్కి దాన్ని మూస్తుంది. మూత పడితే నా -91 కాస్తా -103 అవుతుంది, పని నడుస్తుంది కానీ నెమ్మదిగా. గాజు పలక పెట్టిస్తే వాన ఆగుతుంది, సిగ్నల్ ఆగదు. ఎర్రగుంట్లలో కొలత ఇచ్చి వచ్చా, ఇంకా తేలేదు. ఉరుములు మొదలైతే మాత్రం మూతా గాజూ అని చూడను. వైరు ల్యాప్‌టాప్ నుంచి పీకేస్తా. "అమ్మాయ్, వాన వస్తాంది, నీ తాడు లాక్కో" అని మిద్దె మీద నుంచి అత్త అరుస్తుంది. ఆమె దృష్టిలో అది ఇప్పటికీ తాడే.